‘తెలియదు’ అన్న మాట వెనక: దైవాన్వేషణలో స్త్రీల సంజాయిషీ

మతాలను పోల్చి చూపే పుస్తకాలు తెలుగులో చాలానే ఉన్నాయి. వాటిలో ఏది తిరగేసినా నదులు ఎన్నయినా చేరేది ఒకే సముద్రం అన్న పోలిక తగలకుండా ఉండదు. ఆ తర్వాత జ్ఞానమార్గం, భక్తిమార్గం, సూఫీల ప్రేమ, క్రైస్తవ సన్యాసుల మౌన ప్రార్థన, బౌద్ధుల ధ్యానం వరసగా అధ్యాయాలై నడుస్తాయి. పోలిక అందమైనదే. మతం పేరుతో మనుషులు చంపుకుంటున్న దేశంలో అవసరమైనది కూడా. కానీ ఆ అధ్యాయాలన్నిటా వెతికేవాడు ‘అతడే’. నదుల సంగతి సరే, ఏ రేవులో ఎవరిని దిగనిస్తారన్న ప్రశ్న ఆ పుస్తకాల్లో రాదు. ఊరి రేవుకి కులం ఉంటుందనీ, ఆడవాళ్ళు దిగే చోటు వేరుగా ఉంటుందనీ తెలిసిన మనకి ఆ ప్రశ్న తట్టకుండా ఎలా ఉంటుంది?

నా పిహెచ్.డి. తెలుగు కవయిత్రుల అవతారికల మీద. కావ్యం మొదట్లో తన గురించి, తన గురువు గురించి, ఈ కావ్యం ఎందుకు రాయవలసి వచ్చిందన్న దాని గురించి చెప్పుకునే ఆ కొద్దిపాటి పద్యాలను ఏళ్ళ తరబడి చదివాక, వేరే మతాల స్త్రీలు దేవుణ్ణి వెతుకుతూ రాసినవీ, వాళ్ళ పేరు మీద మగవాళ్ళు రాసినవీ ఇంగ్లీషు అనువాదాల్లో చదవడం మొదలుపెట్టాను. సిద్ధాంతాల్లో ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఒకరికి దేవుడు భర్త, ఒకరికి రాజు, ఒకరికి నిర్గుణం, ఒకరికి అసలు దేవుడే లేడు. అయినా వీళ్ళందరూ ఒకచోట ఆగుతున్నారు. ‘నేను చూశాను, నాకు తెలుసు’ అనే ముందు ఎవరో ఒకరికి సంజాయిషీ చెప్పుకుంటున్నారు. లేదా వాళ్ళ తరఫున ఇంకెవరో చెబుతున్నారు. ఆ సంజాయిషీ ఎవరికి, ఏ మాటల్లో అన్న దగ్గరే ఈ సంప్రదాయాల మధ్య తేడాలు నాకు బాగా అర్థమయ్యాయి. దేవుడున్నాడా లేడా అన్న చర్చ జోలికి నేను పోవడం లేదు. నా నమ్మకం ఎంతన్నది ఈ వ్యాసానికి అక్కర్లేదు.

బస్రా నగరపు రాబియాతో మొదలుపెడతాను. 8వ శతాబ్దపు మనిషి. ఒక చేత్తో నిప్పు, ఒక చేత్తో నీళ్ళు పట్టుకుని వీధిలో నడిచిందనీ, ఎందుకని అడిగితే స్వర్గాన్ని తగలబెట్టడానికి, నరకాన్ని ఆర్పడానికి అన్నదనీ కథ. ఆశా భయమూ రెండూ పోతేగాని ప్రేమ మిగలదని ఆమె భావం. సూఫీ మార్గం గురించి ఎవరు రాసినా ఈ కథ చెబుతారు. అయితే రాబియా తన చేత్తో రాసిన పుస్తకం ఒక్కటీ లేదు. మనకు తెలిసిన రాబియా చాలావరకు ఫరీదుద్దీన్ అత్తార్ రాసిన ‘తజ్కిరతుల్ ఔలియా’లో కనిపించే రాబియా. ఆయన ఆమె పోయిన నాలుగు వందల ఏళ్ళ తర్వాతివాడు. బస్రా హసన్‌కూ ఆమెకూ జరిగినట్టు ఆయన చెప్పే వాదాలు పసందుగా ఉంటాయి, ప్రతిసారీ ఆమే గెలుస్తుంది. కానీ హసన్ 728లో చనిపోయాడు. అప్పటికి రాబియాకి పట్టుమని పన్నెండేళ్ళు ఉంటాయేమో! ఈ కల్పనల చరిత్రను తవ్వితీస్తూ రకియా కార్నెల్ 2019లో ఒక పెద్ద పుస్తకమే రాశారు.

నన్ను ఆపేసింది ఆ కథలు కాదు, అత్తార్ తన అధ్యాయానికి రాసుకున్న ముందుమాట. మహాపురుషుల వరసలో ఒక స్త్రీని ఎందుకు చేర్చావని ఎవరైనా అడుగుతారేమోనని ఆయన ముందే జవాబు సిద్ధం చేసుకున్నాడు. దేవుడి దారిలో మగవాడిలా నడిచినప్పుడు ఆమెను స్త్రీ అనడానికి వీల్లేదన్నది ఆ జవాబు సారాంశం. పొగడ్తే. కానీ ఎంత ఖరీదైన పొగడ్తో చూడండి. విశ్వాసం గల పురుషులనూ విశ్వాసం గల స్త్రీలనూ జంటలు జంటలుగా పేరు పెట్టి పిలిచిన ఖురాన్ వాక్యం ఉన్న మతంలోనే, ఆమెను లోపలికి తీసుకురావడానికి ఆ జీవితకారుడికి ఆమె స్త్రీత్వాన్ని గుమ్మం బయట విడిపించవలసి వచ్చింది. అత్తార్ కన్నా రెండు శతాబ్దాల ముందు, 1021లో చనిపోయిన సులమీ, ఇలాంటి మెలికలేవీ లేకుండా సుమారు 80 మంది సూఫీ స్త్రీల గురించి ఒక పుస్తకం రాసిపెట్టాడు. అది వ్రాతప్రతిగా ఎక్కడో ఉండిపోయి 1993లో గాని అచ్చు కాలేదు. 1999లో దానికి రకియా కార్నెల్ ఇంగ్లీషు అనువాదం వచ్చింది. అంటే రాబియా ఒక్కర్తే అపవాదంగా, అద్భుతంగా నిలబడటానికి మిగతా వాళ్ళ పుస్తకం కనపడకుండా పోవడమూ ఒక కారణమే.

మన భక్తి సంప్రదాయంలో లెక్క తిరగబడుతుంది. ఇక్కడ స్త్రీ మగవాడు కానక్కర్లేదు, మగవాడే స్త్రీ అవుతాడు. అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో నాయికై అలుగుతాడు, విరహపడతాడు, చెలికత్తెతో కబురు పంపుతాడు. ఎ.కె. రామానుజన్ స్త్రీ భక్తుల మీద రాసిన వ్యాసంలో ఈ తిరగబడటాన్ని చాలా చక్కగా పట్టుకున్నారు. పురుష భక్తుడు తన పురుషాహంకారాన్ని వదులుకోవడానికి ఆడదాని గొంతు తెచ్చుకుంటాడు, స్త్రీకి ఆ వేషం అవసరం లేదు అని. నిజమే. అయితే స్త్రీ గొంతు దేవుడికి దగ్గరి దారి అని ఒప్పుకున్న సంప్రదాయం, ఆ గొంతు పుట్టుకతోనే ఉన్నవాళ్ళకి ఏమిచ్చింది? అన్నమయ్య భార్య తిమ్మక్క ‘సుభద్రా కల్యాణం’ రాసింది. తొలి తెలుగు కవయిత్రి అని ఆమెకో వాక్యం కేటాయించి సాహిత్య చరిత్రలు ముందుకు పోతాయి. నాయిక వేదన అనగానే మనకి గుర్తొచ్చేది మాత్రం ఆమె భర్త పదాలే.

వేషం అక్కర్లేదని, బట్టలు కూడా అక్కర్లేదని బయల్దేరిన మనిషి అక్కమహాదేవి. 12వ శతాబ్దం, ఇప్పటి శివమొగ్గ జిల్లా ఉడుతడి. ఆమె తన భర్త అని చెప్పుకున్న చెన్నమల్లికార్జునుడు మన శ్రీశైలం దేవుడు. శ్రీశైలం జలాశయం మీద పడవలో వెళ్ళి చూసే గుహలకి ఆమె పేరే ఉంది. కౌశికుడనే పాలకుడు ఆమెను కోరుకున్నాడు. పెళ్ళి జరిగిందని హరిహరుడు రాశాడు, జరగలేదని తర్వాతి వాళ్ళు సర్దారు. ఆమె పెళ్ళి చేసుకుందా లేదా అన్నది ఆమె వచనాల కన్నా ఎక్కువగా పండితుల్ని బాధించినట్టుంది.

అక్క కథలో అందరికీ తెలిసిన ఘట్టం కల్యాణంలో జరుగుతుంది. అనుభవ మంటపంలో అడుగుపెట్టిన ఆమెను అల్లమప్రభు నిలదీస్తాడు. నీ భర్త ఎవరు, చెప్పు, లేకపోతే వెళ్ళిపో అంటాడు. బట్టలు వదిలేశానంటున్నావు, మరి జుట్టుతో ఒళ్ళు ఎందుకు కప్పుకున్నావు అంటాడు. లోపలి పండు పండకుండా పైతొక్క రంగు మారదనీ, ఈ కప్పుకోవడం నా కోసం కాదు, చూసే మీకు ఇబ్బంది కలగకూడదనీ ఆమె జవాబు. సభ తల వంచుతుంది. మన స్త్రీవాద చర్చల్లో ఈ ఘట్టాన్ని విజయంగా చెప్పుకుంటాం, నేనూ క్లాసులో అలాగే చెబుతాను. కానీ ఈ సంవాదం మనకి దొరికేది ‘శూన్యసంపాదనె’లో. దాని మొదటి కూర్పు 15వ శతాబ్దంలో శివగణప్రసాది మహాదేవయ్య చేసింది. విడివిడిగా ఉన్న వచనాలను తీసుకుని, ప్రశ్నగా ఒకటి, జవాబుగా ఒకటి పేర్చి కుట్టిన గ్రంథం అది. అక్క వచనాలను ఆ కుట్టు విప్పి విడిగా చదివితే అవి ఎవరికీ జవాబులు కావు. చెట్లని, చిలకలని, కోయిలలని పలకరిస్తూ తిరిగే మనిషి మాటలవి. ఆమె అడిగేది, మీరు ఆయన్ని చూశారా అని. అల్లముడికి చెప్పిన సంజాయిషీగా వాటిని చదివించింది సంకలనకర్త. అందరు శరణులనూ అల్లముడు ప్రశ్నించాడు కదా అనవచ్చు. బసవణ్ణనీ సిద్ధరామయ్యనీ కూడా వదల్లేదు. అయితే వాళ్ళను వాళ్ళు చేసిన పనుల గురించి అడిగాడు. అక్కను ఒంటి గురించి అడిగాడు.

దేవుడు లేని మార్గంలోనైనా ఈ బాధ తప్పుతుందా? పాళీ ‘థేరీగాథ’లో 73 మంది పేర గాథలున్నాయి. సూసీ థారు, కె. లలిత హైదరాబాదులో కూర్చుని తెచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ మొదటి సంపుటం 1991లో వచ్చినప్పుడు వాళ్ళు మొదలుపెట్టింది ఈ థేరీలతోనే. వాళ్ళలో సోమ అనే ఆమె దగ్గరకి మారుడు వచ్చి, ఋషులకే కష్టమైన ఆ స్థానం రెండు వేళ్ళ తెలివి గల ఆడదానికి ఎలా అందుతుందని ఎత్తిపొడుస్తాడు. రెండు వేళ్ళ తెలివి ఏమిటో వ్యాఖ్యాత చెబుతాడు. అన్నం ఉడికిందో లేదో మెతుకు రెండు వేళ్ళ మధ్య నొక్కి చూడటం. ఏడేళ్ళప్పటి నుంచి వండుతూ కూడా అది ఉడికిందో లేదో నొక్కి చూస్తేగాని తెలియనివాళ్ళట! నిజానికి జ్ఞానానికి ఇంతకన్నా మంచి నిర్వచనం ఎవరు చెప్పగలరు, పట్టి చూసి తెలుసుకోవడమే కదా అనిపిస్తుంది నాకు. సోమ మాత్రం ఆ దారిన పోలేదు. మనసు నిలకడగా ఉండి చూపు స్పష్టంగా ఉన్నప్పుడు ఆడతనం అడ్డేమిటి, నేను ఆడదాన్నా మగవాడినా అని ఆలోచించేవాడికి చెప్పుకో ఆ మాట అని పంపించేసింది. ఇంత సూటిగా సంజాయిషీని నిరాకరించిన గొంతు ఇంకెక్కడా నాకు దొరకలేదు. అదే సంఘంలో నూరేళ్ళ భిక్షుణి ఆ రోజే దీక్ష తీసుకున్న భిక్షువుకి లేచి నమస్కరించాలన్న గురుధర్మమూ ఉంది.

మన నేల మీద, నాగార్జునకొండలో, 3వ శతాబ్దపు ఇక్ష్వాకు రాజు శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన చెల్లెలు శాంతిశ్రీ మహాచైత్యానికి స్తంభాలు ఇచ్చింది. ఒకే ఇంట్లో అన్న వెతుకులాట ఒకవైపు, చెల్లెలిది ఒకవైపు. ఆమె మాటలు మనకి దానశాసనం భాషలోనే మిగిలాయి.

క్రైస్తవంలో ఆవిలా తెరేసా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి. ఎందుకంటే ఆమె తన చేత్తో రాసింది, చాలా రాసింది, ఎందుకు రాస్తోందో ప్రతి పేజీలోనూ చెప్పింది. 1515లో స్పెయిన్‌లో పుట్టింది. తాత యూదు మతం నుంచి మారినవాడు, అందుకని ఇంక్విజిషన్ అనే మత విచారణ సంస్థ చేత శిక్ష పడినవాడు. ఆమె రోజుల్లో స్త్రీలు పెదవి కదపకుండా లోలోపల ప్రార్థన చెయ్యడమే అనుమానించాల్సిన విషయం. పెదవి కదిలితే ఏం చదువుతోందో వినవచ్చు, మౌనంలో ఏముందో ఎవరికి తెలుసు? 1559లో ఆ సంస్థ జనభాషలో ఉన్న ఆధ్యాత్మిక గ్రంథాలు చాలావాటిని నిషేధించింది. లాటిన్ రాని స్త్రీలకి చదువుకోవడానికి ఇక ఏమీ మిగలలేదు. తెరేసా అప్పటికే తనకు కలిగిన దర్శనాల గురించి పాపసంకీర్తన వినే గురువులకు చెప్పింది. అవి దేవుడివా దయ్యానివా తేల్చడానికి అంతా రాసి ఇమ్మన్నారు. అలా పుట్టింది ఆమె ఆత్మకథ. 1575 నుంచి ఆ పుస్తకం ఇంక్విజిషన్ చేతిలో చిక్కుకుంది. 1577లో, అది వాళ్ళ దగ్గర ఉండగానే, ఆత్మను ఏడు నివాసాల కోటగా వర్ణిస్తూ ఇంకో పుస్తకం రాసింది.

ఈ పుస్తకాల నిండా ఒక గొంతు ఉంది. నేను అజ్ఞానిని, అల్పురాలిని, చదువు లేనిదాన్ని, చెప్పమన్నారు గనక చెబుతున్నాను, ఈ రాత వల్ల రాట్నం ముందు కూర్చోవలసిన సమయం పోతోంది. తన అనుభవమే చెబుతూ ‘నాకు తెలిసిన ఒకరికి’ జరిగిందంటుంది. అలిసన్ వెబర్ 1990లో తెరేసా శైలి మీద రాసిన పుస్తకంలో ఇదంతా వ్యూహమని నిరూపించారు. ఆడదాని మాటలా వినిపిస్తే ప్రమాదం తగ్గుతుంది, ఆ చాటున చెప్పవలసింది చెప్పెయ్యవచ్చు. ఒక్కసారి మాత్రం ఆమె చాటు దాటింది. ‘పరిపూర్ణతా మార్గం’ మొదటి ప్రతిలో, ఈ లోకంలో న్యాయమూర్తులందరూ ఆదాము కొడుకులే, ఆడవాళ్ళ మంచిని వాళ్ళు అనుమానించకుండా ఉండరు అన్న అర్థం వచ్చే మాటలు రాసింది. పరిశీలించిన మతాధికారి ఆ భాగాన్ని కొట్టేశాడు. రెండోసారి రాసినప్పుడు ఆమె కూడా దాన్ని వదిలేసింది. కొట్టివేత కింద ఆ అక్షరాలు ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి.

చాటున ఆమె చెప్పినదేమిటో కూడా చూడాలి, ఎందుకంటే వ్యూహం మోజులో మనం దాన్ని మర్చిపోతున్నాం. ఆత్మకథలో ప్రార్థనని తోటకి నీళ్ళు పెట్టడంతో పోలుస్తుంది. మొదట బావిలోంచి చేదతో తోడాలి, చేతులు పడిపోతాయి. తర్వాత నీటిచక్రం, శ్రమ తక్కువ, నీళ్ళు ఎక్కువ. తర్వాత వాగులోంచి కాలవ. చివరికి వాన, అందులో తోటమాలి ప్రమేయమే లేదు. మనిషి ప్రయత్నం ఎక్కడిదాకా, దైవానుగ్రహం ఎక్కడి నుంచి అన్న చిక్కు ప్రశ్నని ఇంత శుభ్రంగా విడదీసిన వేదాంతి ఎంతమంది ఉన్నారు? చదువు లేనిదాన్ని అని చెప్పుకున్న ఈమెను 1970లో శ్రీసభ పండితురాలిగా ప్రకటించారు. ఆ గౌరవం దక్కిన మొదటి స్త్రీ ఆమే. పండితురాలైనా, ఈనాటికీ ఆమె లాంటి మఠకన్య దివ్యపూజ జరపడానికి వీల్లేదు.

తెరేసాని చదువుతుంటే నా అవతారికలు నాకు కొత్తగా వినిపించాయి. మొల్ల తన రామాయణం మొదట్లో నాకు అది రాదు, ఇది రాదు అని ఒక జాబితా ఇస్తుంది. సంధులు, కారకాలు, శయ్యలు, రీతులు, ఛందస్సు. పరిభాష తెలియనివాళ్ళు అంత పొడుగు జాబితా వేయలేరు. రాదన్న ప్రతి దాని పేరూ ఆమెకు వచ్చు, ఆ రాదన్న పద్యం ఛందస్సులో పొల్లుపోకుండా ఉంది. రెండు శతాబ్దాల తర్వాత తరిగొండ వెంగమాంబ ‘వేంకటాచల మాహాత్మ్యం’ మొదట్లో తనకి ఓనమాలు కూడా ఎవరూ నేర్పలేదనీ, దేవుడే పలికిస్తున్నాడనీ అంటుంది. మగకవులు అనలేదా, పోతన అనలేదా అని అడుగుతారు. అన్నాడు. అక్కడే ఉంది విషయం. పలికించేవాడు రాముడని పోతన అంటే మనం దాన్ని వినయం అన్నాం, ఆయన్ని సహజ పండితుడు అన్నాం. వెంగమాంబ అదే అంటే జీవితచరిత్రకి పనికొచ్చే సమాచారం అనుకున్నాం. ‘చదువు లేకపోయినా దైవకృపతో కవిత్వం చెప్పింది’ అన్న వాక్యం ఆమె గురించి రాసిన వ్యాసాల్లో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఆమె రాసినవి చూస్తే శతకం ఉంది, యక్షగానాలున్నాయి, ద్విపద భాగవతం ఉంది, ‘రాజయోగామృత సారం’ ఉంది, ‘వాసిష్ఠ రామాయణం’ ఉంది. యోగాన్నీ అద్వైతాన్నీ తెలుగు ద్విపదలో, అంటే చదువురానివాళ్ళు కూడా పాడుకుంటే పట్టుబడే ఛందస్సులో పెట్టింది. 18వ శతాబ్దపు బ్రాహ్మణ బాల వితంతువు చేసిన పని అది. తల గొరిగించుకోవడానికి ఆమె ఒప్పుకోలేదనీ, పుష్పగిరి పీఠాధిపతి విచారణకి వచ్చాడనీ, తీసేసిన జుట్టు మళ్ళీ మొలవకుండా చెయ్యగలరా అని ఆయన్ని అడిగిందనీ కథ చెబుతారు. కథలో నిజమెంతైనా, విచారించే పెద్దమనిషి, నిలబడ్డ స్త్రీ, మధ్యలో జుట్టు, ఇవన్నీ కల్యాణంలో కూడా చూశాం.

తిరుమలలో ఆమె పేరు ఎవరూ మర్చిపోలేదు. ఏకాంత సేవలో ముత్యాల హారతి ఆమె పేరు మీదే. 2011 నుంచి అన్నప్రసాద భవనానికీ ఆమె పేరే. రోజూ వేలమంది ఆ పేరు కింద కూర్చుని భోజనం చేస్తారు. ఆకలి తీర్చే చోటికి ఒక స్త్రీ పేరు పెట్టడం నాకూ సంతోషమే. అయితే అన్నం పెట్టే తల్లిగా ఆమె అంత సులువుగా మన మనసుల్లో కుదురుకోవడం, యోగశాస్త్రం చెప్పిన మనిషిగా ఇంతకాలమైనా కుదురుకోకపోవడం యాదృచ్ఛికం అనుకోను. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు ఆమెను ‘భక్తకవయిత్రి’ అన్న ఒక్కమాటలో చదువుకుని పరీక్ష రాస్తారు. తత్వశాస్త్రం విద్యార్థులకి ఆ పేరే ఎదురుకాదు.

నా వైవాలో బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఒకాయన, ‘రాజయోగామృత సారం’ మీద నేను రాసిన అధ్యాయం తిరగేస్తూ, “ఇదంతా ఆవిడ సొంతమేనంటావామ్మా, గురువుగారు చెబితే రాసి ఉంటుందేమో?” అన్నారు. ఆయన మర్యాదస్తులే, గొంతులో వెటకారం కూడా లేదు. గురువు ఉన్నాడు, సుబ్రహ్మణ్యుడు, ఆమే చెప్పుకుంది. గురువు లేని యోగి ఎవరు? అదే రోజు ఇంకో విద్యార్థి ఒక పురుష కవి మీద సిద్ధాంత వ్యాసం ఇచ్చాడు. ఆ కవికీ గురువు ఉన్నాడు, ఆ ప్రశ్న అతనికి రాలేదు. నేను ఆ పూట అవతారికలోంచి ఆధారాలు చూపించి, శైలి పోలికలు చెప్పి, ఓపిగ్గా జవాబిచ్చాను. డిగ్రీ వచ్చింది. ఇంటికి వచ్చే దారిలో మాత్రం తెరేసా గురువులు గుర్తొచ్చారు. దేవుడిదా దయ్యానిదా? నీదా గురువుదా? నాలుగు శతాబ్దాల ఎడంలో ప్రశ్న ఎంత కొద్దిగా మారింది!

ఇక్కడ నా తోటి స్త్రీవాదులతో కూడా ఒక పేచీ ఉంది. మనలో కొందరికి భక్తి అంటేనే పితృస్వామ్యం పెట్టిన మత్తుమందు. భర్త బదులు దేవుడు, అంతే తేడా అంటారు. ఇంకొందరికి ఈ స్త్రీలందరూ మారువేషంలో ఉన్న తిరుగుబాటుదారులు, దేవుడు వాళ్ళకొక సాకు. రెండో మాట వినడానికి బాగుంటుంది, నేనూ చాలాకాలం దాన్ని ఇష్టపడ్డాను, ఇప్పటికీ అందులో కొంత నిజం ఉందనే అంటాను. కానీ రెండు చదువులూ ఒక పని చేస్తాయి. తాను దేన్నో తెలుసుకున్నానని ఆమె అంటున్న మాటని పక్కకి నెట్టేస్తాయి. అక్కకి కావలసింది ఇల్లు వదలడం మాత్రమే అయితే శ్రీశైలం దాకా ఎందుకు నడుస్తుంది? వెంగమాంబకి కావలసింది జుట్టు నిలుపుకోవడమే అయితే వాసిష్ఠం తెలుగు చెయ్యడం ఎందుకు? ఆమె తెలుసుకున్నదాన్ని మనం నమ్మాలని నేను అనడం లేదు. శంకరుడితో మనం ఏకీభవించకపోయినా ఆయన వాదం ఏమిటో చదువుతాం. ఆ మాత్రం చదువు వెంగమాంబకి ఎవరు చదివారు? రాజయోగ సారంలో మనసు నిలపడం గురించి ఆమె చెప్పే క్రమం ఏమిటి, అంతకు ముందున్న తెలుగు వేదాంత గ్రంథాలకి దానికీ తేడా ఏమిటి, ద్విపదలోకి వచ్చేసరికి పరిభాష ఎక్కడ సడలింది, ఎక్కడ బిగిసింది? ఈ పని చెయ్యడానికి సంస్కృతం, యోగశాస్త్రం తెలిసిన స్త్రీవాదులు కావాలి. మనం ఆ రెండిటినీ పండితులకి వదిలేసి చాలాకాలమైంది.

వాసిష్ఠం అన్నాను గనక, ఆమె చేతికి తీసుకున్న ఆ మూలగ్రంథంలో ఉన్న ఒక కథ చెప్పాలి. యోగవాసిష్ఠంలో చూడాల అని ఒక రాణి. భర్త శిఖిధ్వజుడూ ఆమే కలిసే ఆత్మవిచారం మొదలుపెడతారు, ఆమెకి ముందు తెలుస్తుంది. మొహంలో కొత్త కాంతి చూసి ఆయన ఏమిటని అడిగితే ఉన్నమాట చెబుతుంది. ఆయన నవ్వేస్తాడు, చిన్నపిల్లలా మాట్లాడుతున్నావంటాడు. తర్వాత తానే రాజ్యం వదిలేసి తపస్సుకని అడవికి పోతాడు. ఇక్కడ రాజ్యం నడిపేది చూడాలే. కొన్నేళ్ళు చూసి, ఆయనకి ఏమీ దొరకలేదని గ్రహించి, కుంభుడనే బ్రాహ్మణ కుర్రాడి రూపం తెచ్చుకుని అడవికి వెళుతుంది. నారదుడి కొడుకునని చెప్పుకుంటుంది. శిఖిధ్వజుడు లేచి నిలబడి ఎదురేగి పూజ చేస్తాడు. నువ్వు వదలవలసింది ఇంకా వదల్లేదని ఆ కుర్రాడు అంటే, కమండలం, జింకచర్మం, కుటీరం ఒక్కొక్కటే మంటలో వేస్తాడు. అది కాదు, వదలవలసింది మనసుని అని కుంభుడు చెబుతాడు. ఇంట్లో ఉన్నప్పుడు భార్య చెప్పబోతే నవ్వినవాడు ఆ అడవిలో, తన కొడుకు వయసున్న ఆ కుర్రాడి ముందు, చేతులు కట్టుకుని కూర్చుని ఆ మాటలే విన్నాడు.